పెద్దరికానికి గడువు

(వినోబా భావే వర్ధంతి సందర్భంగా టికిరిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



భూదానోద్యమం నడిపిన వినోబా భావే 1982 నవంబరు 15న పవనార్ ఆశ్రమంలో కన్నుమూశారు. చివరి రోజుల్లో మందూ వద్దన్నారు, ఆహారమూ వద్దన్నారు. ఎందరు బతిమాలినా మనసు మార్చుకోలేదు. ఆయన ఒకటి నిశ్చయించుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు మిగిలేది తల ఊపడమే. అలా తల ఊపినవాళ్ళందరూ ఆయన్ను ప్రేమించినవాళ్ళే. నాకూ ఆయన పూజ్యుడే. అందుకే ఆయన పేరు మీద మాట్లాడమని మీరు పిలిస్తే, పొగడ్తలతో కాలం గడిపి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. ఒకరినొకరు అన్నదమ్ములుగా తలచుకునే సంఘంలో ఒక్క మనిషి మాటకు ఎంత విలువ ఉండాలి, ఎక్కడ ఆగాలి? ఇవాళ నేను తీసుకున్న విషయం ఇదే. దానికి వినోబా జీవితం కంటే పెద్ద ఉదాహరణ మన దేశంలో నాకు కనిపించలేదు. ఈ కొండల కంటే తగిన చోటూ కనిపించలేదు.

ఈ కొండలని ఎందుకన్నానో చెబుతాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, జయపురం సంస్థానం. తర్వాత కొరాపుట్ జిల్లా అయింది. ఇప్పుడు టికిరి ఉన్న రాయగడ జిల్లా విడిపోయింది 1992లోనే. కాబట్టి 1955లో వినోబా నడిచిన కొరాపుట్ జిల్లా అంటే అందులో మీ టికిరి ఉంది, కాశీపురం ఉంది, గుణుపురం ఉంది, బిసంకటక్ ఉంది. వర్షాకాలమంతా ఆయన ఈ జిల్లాలోనే తిరిగారు. దారులు లేని చోట వాగులు దాటుతూ, మలేరియాకు పేరుపడ్డ పల్లెల్లో మకాం చేస్తూ నడిచారు. లేనివాళ్ళ కోసం ఉన్నవాళ్ళను భూమి అడిగే భూదానం గ్రామదానంగా మారి, ఊళ్ళకు ఊళ్ళే కదలడం దేశం మొదట పెద్ద ఎత్తున చూసింది ఇక్కడే. ఆ ఏడాది అక్టోబరులో ఆయన ఆంధ్రలోకి దిగేనాటికి కొరాపుట్‌లో గ్రామదానమైన పల్లెలు ఆరు వందలు దాటాయి. అప్పటికి దేశంలో మరే జిల్లా దీని దరిదాపుల్లో లేదు.

గ్రామదానమంటే ఏమిటో ఈ తరం పిల్లలకు కొంచెం విడమర్చాలి. ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు తమ హక్కు వదులుకుని ఊరి పేరిట పెట్టడం, ఆ భూమిని ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయో చూసి మళ్ళీ పంచుకోవడం, కొంత చెక్కను ఊరి ఉమ్మడి సేద్యానికి ఉంచడం. చేతికి వచ్చేది ఒక్క కాగితం, దానపత్రం. అందులో దాత పేరు, ఊరు, భూమి వివరం, విస్తీర్ణం, సాక్షులు. ఆ రోజుల్లో ఇక్కడ చదువుకున్నవాళ్ళు అరుదు కాబట్టి కింద సంతకం చోట నీలం సిరా అద్దిన బొటనవేలి ముద్ర. ఎన్నో తరాలుగా ఈ వేలిముద్రలు షావుకారు కాగితాల మీదనే పడ్డాయి. మైదానం నుంచి వచ్చిన ఆ షావుకార్లలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ఆ మాట ఈ సభలో దాచకూడదు. పంట ముందు పుట్టెడు ఇచ్చి పంటయ్యాక రెండు పుట్లు కొలిపించుకున్న వ్యవహారంలో నేల చేతులు మారింది. అదే వేలిముద్ర మొదటిసారి నేలను ఊరికి తిరిగి ఇచ్చే కాగితం మీద పడింది. దాని వెనుక ఏ ప్రభుత్వ బలమూ లేదు, ఏ ఆయుధమూ లేదు. ఒక బక్కపలుచని ముసలాయన వచ్చి అడిగాడు, వాళ్ళు ఇచ్చారు.

వ్యక్తికి ఉండే శక్తిని నేను తక్కువ చేయను. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా నుంచి కాలినడకన వచ్చిన వినోబా, అక్కడి నుంచి నల్లగొండ వైపు వెళ్ళారు. తెలంగాణలో అప్పటికి సాయుధపోరాటం నడుస్తోంది. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు ఎనభై ఎకరాలు కావాలన్నారు, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచారు. ఈ సంఘటనకు ముందు ఏ కమిటీ కూర్చోలేదు, ఏ తీర్మానమూ చేయలేదు. గాంధేయ కార్యకర్తల సర్వసేవా సంఘం తీరిగ్గా మరుసటి ఏడాది సేవాపురిలో కూర్చుని, రెండేళ్ళలో ఇరవై ఐదు లక్షల ఎకరాలు సేకరించాలని తీర్మానించింది. అంటే ఒక్కడు ముందు నడిచాడు, సంఘం వెనక నడిచింది. కమిటీ కోసం ఎదురుచూసి ఉంటే భూదానం పుట్టేదే కాదు. ఆ రోజు వినోబా ఎవరినీ అడగకపోవడం మంచిదే అయింది.

మరి చిక్కెక్కడ వచ్చింది?

గాంధీజీ పోయిన నెలన్నరకు, 1948 మార్చిలో, ఆయన సహచరులు సేవాగ్రామ్‌లో కలిశారు. రాజేంద్రప్రసాద్, నెహ్రూ, కృపలానీ, జయప్రకాశ్ నారాయణ్, వినోబా అందరూ ఉన్నారు. ఇక ఏం చేయాలన్నది ప్రశ్న. పటిష్ఠమైన సంస్థ కట్టాలన్నవాళ్ళున్నారు. వినోబాకు అది నచ్చలేదు. చివరకు పుట్టింది సర్వోదయ సమాజం. ఆజ్ఞాపించేవాడు ఉండడు, క్రమశిక్షణ చర్యలు ఉండవు, ఆదర్శాన్ని నమ్మినవాడు సభ్యుడు, అంతే. పని నడపడానికి ఏర్పడ్డ సర్వసేవా సంఘంలోనూ ఓట్లు లేవు. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం. పిలుపు కూడా భాయీ, బహెన్. పదవులు పేరుకు ఉన్నా వాటికి బలం లేదు. నేతల యుగం పోయింది, ఇక సేవకుల గణమే పని చేయాలని వినోబా పదే పదే చెప్పేవారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు, సందేహం లేదు.

ఈ మనస్ఫూర్తి మాట ఆచరణలో ఏమైందో 1956 చూపించింది. ఆ ఏడాది నవంబరులో తమిళనాడులోని పళనిలో సంఘం సమావేశమైంది. గాంధీ స్మారకనిధి నుంచి వచ్చే డబ్బు ఇక తీసుకోవద్దని, రాష్ట్రాల్లో జిల్లాల్లో ఉన్న భూదాన కమిటీలను రద్దు చేయాలని అక్కడ నిర్ణయం జరిగింది. ప్రేరణ వినోబాది. డబ్బు, యంత్రాంగం పెరిగితే ఉద్యమం మరో ప్రభుత్వ శాఖగా మారిపోతుందన్నది ఆయన భయం. ఆ భయం నిజమైనదే, అలా మారిపోయిన ఉద్యమాలను మనం కళ్ళారా చూశాం. కానీ నిర్ణయం జరిగిన తీరు చూడండి. దేశమంతా అల్లుకున్న కమిటీలు ఒక్క సమావేశంతో లేకుండా పోయాయి. దానపత్రాలు సర్దేవాడు, పంచిన భూమికి పట్టా వచ్చిందో లేదో తాసిల్దారు చుట్టూ తిరిగేవాడు, నెలకు ఇంత అని తీసుకుని ఇంటికి పంపుకునే మామూలు కార్యకర్త, వీళ్ళను అడిగిందెవరు? అందరి ఆమోదంతో జరిగిందని రికార్డు చెబుతుంది. వినోబా కళ్ళు మూసుకుని మాట్లాడుతుంటే లేచి నిలబడి, బాబా, నాకు ఇది సమ్మతం కాదు అనగల కార్యకర్త ఎంతమంది ఉంటారు?

ఓటు ఉన్న సభలో ఓడినవాడు తన చేయి లెక్కలోకి వచ్చిందని తృప్తిపడతాడు, రేపు మళ్ళీ వాదిస్తాడు. అందరూ ఒప్పుకోవాల్సిన సభలో ఒప్పుకోనివాడు అన్నదమ్ముల మధ్య చీలిక తెచ్చినవాడవుతాడు. ఆ నింద మోయలేక అతను ఊరుకుంటాడు. అతని మౌనాన్ని సమ్మతిగా రాసుకుంటారు. ఇలాంటి సభలో ఎవరి మీద అందరికీ ఎక్కువ గౌరవమో, వారి మాటే చివరి మాట అవుతుంది. ఆయన కోరుకోకపోయినా సరే. అధ్యక్షుణ్ణి దించవచ్చు, కార్యదర్శిని లెక్కలు అడగవచ్చు. ఏ పదవీ లేని పెద్దమనిషిని ఏమని దించుతారు, ఏ కాగితం చూపించి లెక్క అడుగుతారు? నాయకుడు లేడనుకునే సోదరసంఘంలో ఒక్కరి పెద్దరికానికి గట్టు ఉండదు. వినోబా ఉద్యమం నుంచి నేను నేర్చుకున్నది ఇది. దీన్ని ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు, ఆ ఉద్యమం నిలవాల్సింది కదా అన్న బాధతో చెబుతున్నాను.

కొరాపుట్‌లో ఇదెలా తగిలిందో చూద్దాం. గ్రామదానాలు వెల్లువెత్తాక పల్లెల్ని నిలబెట్టే పని సర్వసేవా సంఘం తరఫున అన్నాసాహెబ్ సహస్రబుద్ధే తలకెత్తుకున్నారు. మహారాష్ట్ర నుంచి వచ్చి ఈ అడవుల్లో ఉండిపోయిన నిర్మాణ కార్యకర్త. చెరువులు, విత్తనాలు, పరపతి సంఘాలు, బడులు, కొలతలు, లెక్కలు ఆయన లోకం. నడక, ప్రార్థన, హృదయ పరివర్తన వినోబా లోకం. ఊరు ఇచ్చేసింది కదా, ఇక ముందుకు పోదామన్నది ఒక వైపు. ఇచ్చిన ఊళ్ళో గట్టు ఎవరు వేస్తారు, ఎద్దు ఎక్కడిది అన్నది రెండో వైపు. ఈ రెండూ కావలసినవే. తేల్చుకోవడానికి మాత్రం ఆ సంఘంలో వేదిక లేకపోయింది. సహస్రబుద్ధే దగ్గర పని ఉంది, అధికారం లేదు. వినోబా దగ్గర అధికారం ఉంది, ఆయన అప్పటికే మరో రాష్ట్రంలో నడుస్తున్నారు. 1957 సెప్టెంబరులో మైసూరు దగ్గర ఎల్వాల్‌లో జరిగిన సమావేశానికి రాష్ట్రపతి వచ్చారు, ప్రధాని వచ్చారు, కేరళ కమ్యూనిస్టు ముఖ్యమంత్రి నంబూద్రిపాద్ కూడా వచ్చారు. అంతా కలిసి గ్రామదానాన్ని మెచ్చుకున్నారు. అదే సమయంలో ఈ కొండల్లో చాలా ఊళ్ళలో దానం కాగితం మీదనే మిగిలిపోయే దారిలో పడింది. భూమి మళ్ళీ ఎవరిది వాళ్ళకే, కొన్నిచోట్ల మళ్ళీ షావుకారుకే చేరింది.

వినోబా రాకముందు ఈ పల్లెల్లో పెద్దరికం ఎలా ఉండేదో ఆ ఉద్యమకారులు మరికొంత శ్రద్ధగా చూసి ఉండవలసింది. కోదు గిరిజనుల పల్లెలోనూ, పరజ గిరిజనుల పల్లెలోనూ ఒకే మనిషికి అన్నీ అప్పగించరు. ధరణి పూజకు, పండుగకు జాని. ముహూర్తానికి, రోగానికి దిసారి. తగవు తీర్చడానికి, బయటివాళ్ళతో మాట్లాడడానికి నాయక్ లేదా మండల్. కబురు మోయడానికి బారికి, ఉత్తరాంధ్ర పల్లెల్లో మనకు తెలిసిన బారికే. జానికి పూజ దగ్గర అందరూ లోబడతారు. భూమి తగవులో అతను నలుగురిలో ఒకడు. పెద్దరికం ఉంది, కానీ ఒక్కొక్కరిది ఒక్కొక్క పనికి కట్టుబడి ఉంది. ఈ ఏర్పాటును నేను గొప్ప చేసి చూపించడం లేదు. పదవులు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయి, ఆడవాళ్ళకు అందులో చోటు లేదు, బారికి కులాన్ని తక్కువగా చూడడం ఉంది. జయపురం సంస్థానం ముస్తాదార్లను పెట్టాక నాయక్ పదవి రాజుకు శిస్తు వసూలు చేసేదిగా కూడా దిగజారింది. అయినా ఏ మాట ఎవరిది, ఎంతవరకు అన్నది ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. సర్వసేవా సంఘంలో అది ఎవరికీ తెలియదు.

అలాంటి ముస్తాదారు ఇంట పుట్టినవాడే తెంతుళిగుమ్మ లక్ష్మణ్ నాయక్. రాజు ఇచ్చిన పెద్దరికాన్ని పక్కన పెట్టి, కాంగ్రెస్ కార్యకర్తగా ఊళ్ళు తిరిగాడు. 1942 ఆగస్టు 21న మాథిలి పోలీసు ఠాణా ముందు ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. ఆ గొడవలో చనిపోయిన ఫారెస్టు గార్డు హత్యను ఆయన మీద మోపారు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. జనం ఆయనకిచ్చిన పెద్దరికానికి మూల్యం ఆయనే చెల్లించాడు. ఈ జిల్లా నాయకత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆ పేరు తలవకుండా పోవడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఇదే ఒడిశాలో జరిగిన మరొక సంగతి. 1938 మార్చిలో పూరీ దగ్గర డెలాంగ్‌లో గాంధీ సేవా సంఘం వార్షిక సమావేశం. అది గాంధీజీకి అత్యంత సన్నిహితుల సంఘం, అక్షరాలా ఒక సోదర బృందం. అక్కడి నుంచి కస్తూర్బా, గాంధీజీ కార్యదర్శి మహదేవ్ దేశాయ్ భార్య దుర్గాబెన్ పూరీ వెళ్ళి జగన్నాథుని గుడిలోకి వెళ్ళివచ్చారు. హరిజనులకు ప్రవేశం లేని గుడి అది. గాంధీజీ తల్లడిల్లిపోయారు. రక్తపోటు పెరిగింది. వాళ్ళను ఎందుకు ఆపలేదని మహదేవ్‌ను నిలదీశారు. సభలోనే ఆ బాధ చెప్పారు. మహదేవ్ ఎంత నొచ్చుకున్నారంటే ఇక వెళ్ళిపోతానన్నారు. గాంధీజీ వెళ్ళనివ్వలేదు. ఇక్కడివరకు ఇది కూడా ఒక్క మనిషి పెద్దరికం కథే. భార్య గుడికి వెళ్ళినందుకు కూడా సంజాయిషీ అడిగేంత పెద్దరికం, నాకైతే అది మితిమీరినదనే అనిపిస్తుంది. కానీ తరువాత జరిగింది గమనించండి. మహదేవ్ ఈ వ్యవహారమంతా ‘హరిజన్’ పత్రికలో తన పేరుతో రాశారు. తన తప్పు ఒప్పుకున్నారు, ఇలాంటి మహాత్ముడి పక్కన బతకడం ఎంత కష్టమో కూడా రాశారు. గాంధీజీ పత్రికలోనే అచ్చయింది. మాట పడ్డవాడికి అందరి ముందూ మాట చెప్పుకునే చోటు దొరికింది. ఆ చోటు ఉన్నంతకాలం పెద్దరికం ప్రమాదం కాదు.

ఆ గాంధీ సేవా సంఘాన్నే రెండేళ్ళకు, 1940లో, బెంగాల్‌లోని మాలికాందాలో గాంధీజీ సలహా మీద దాదాపు మూసేశారు. రాజకీయపు పోటీలు లోపలికి వస్తున్నాయని కారణం. 1940లో మాలికాందా, 1956లో పళని. రెండుసార్లూ సంఘం తన యంత్రాంగాన్ని తానే రద్దు చేసుకుంది, రెండుసార్లూ ఒక్క మనిషి మాట మీదనే. అధికారం మీద ఇంత అనుమానం ఉన్న సంఘాలు ఒక్కరి అధికారానికి ఇంత సులువుగా లోబడడం ఇద్దరు మహానుభావుల లోపమని తోసేయడానికి వీల్లేదు. కట్టడంలోనే లోపం ఉంది.

తెలుగునేల మీద ఇంతకంటే పాత సోదరసంఘం ఒకటి వర్ధిల్లింది. అమరావతి, నాగార్జునకొండ విహారాల్లో భిక్షువులు శతాబ్దాలపాటు కలిసి బతికారు. బుద్ధుడు తన తరువాత ఎవరినీ వారసుణ్ణి చేయలేదు. నేను చెప్పిన ధర్మం, వినయం, అంటే నియమావళి, ఇవే మీకు ఇక గురువు అన్నాడు. అంతటితో వదిలేయలేదు. తగవు తేలకపోతే శలాకలు, అంటే కట్టెపుల్లలు, పంచి లెక్కపెట్టి అధిక సంఖ్య వైపు తేల్చుకునే పద్ధతి వినయంలోనే ఉంది. ఆ పుల్లలు పంచే భిక్షువు పక్షపాతం లేనివాడై ఉండాలని నియమం. పడమటి దేశాల్లో క్వేకర్లు కూడా వినోబా లాగే ఓట్లు వద్దన్నవాళ్ళే. కానీ వాళ్ళ సభకు ఒక గుమాస్తా ఉంటాడు. సభ ఏమనుకుందో అప్పటికప్పుడు రాసి, సభ లేవకముందే చదివి వినిపిస్తాడు. తప్పంటే అక్కడే దిద్దాలి. ఆ గుమాస్తా పదవికి గడువు ఉంటుంది. మౌనం మీద నిలిచిన ఆ సమాజం మౌనాన్ని సమ్మతిగా రాసుకోకుండా ఈ జాగ్రత్త పడింది.

సర్వసేవా సంఘం ఆ జాగ్రత్త పడలేదు. దానికి అసలు పరీక్ష 1974లో వచ్చింది. 1954లో బోధ్‌గయలో జయప్రకాశ్ నారాయణ్ తన జీవితాన్నే దానం చేస్తున్నానని ప్రకటించి వినోబా వెంట నడిచారు. ఇరవై ఏళ్ళ తరువాత బీహార్ విద్యార్థుల పిలుపు మీద ప్రభుత్వంతో పోరాటానికి దిగారు. వినోబాకు అది ఇష్టం లేదు. ఆ జులైలో సంఘం వార్ధాలో కూర్చుంది. చాలామంది జయప్రకాశ్ వైపు. కొద్దిమంది వినోబా వైపు. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం కాబట్టి, ఏ తీర్మానమూ కుదరలేదు. చివరకు వినోబాయే దారి చూపించారు. సత్యం, అహింస, సంయమం తప్పకుండా ఎవరికి నచ్చిన పని వాళ్ళు చేసుకోవచ్చన్నారు. అది తాత్కాలిక శాంతి. డిసెంబరు 25న ఆయన ఏడాదిపాటు మౌనం పట్టారు. 1975 మార్చిలో పవనార్‌లో సంఘం నిలువునా చీలింది. ఎవరితో వాదించి తేల్చుకోవాలో ఆయన మౌనంలో ఉన్నారు.

జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. జయప్రకాశ్ జైలుకు వెళ్ళారు. ఒడిశాలో ముఖ్యమంత్రి పదవి వదిలి భూదానంలోకి వచ్చిన నవకృష్ణ చౌధురి, ఆయన భార్య మాలతీదేవి జైలుకు వెళ్ళారు. కొరాపుట్ గ్రామదానాల కాలంలో ఊరూరా నడిచిన ఆయన వదినగారు రమాదేవి కూడా వెళ్ళారు. ఆ సమయంలో మౌనంలో ఉన్న వినోబా నుంచి ‘అనుశాసన పర్వం’ అన్న మాట బయటికి వచ్చింది. ప్రభుత్వం దాన్ని గోడలకెక్కించింది. వినోబా ఎమర్జెన్సీని దీవించారని దేశం అనుకుంది. తన ఉద్దేశం అది కాదని, ఆచార్యులు చూపే క్రమశిక్షణ గురించి అన్నానని ఆయన తరువాత వివరించారు. 1976 జనవరిలో ఆచార్యుల సమ్మేళనం పిలిచి, దేశంలో మామూలు పరిస్థితులు తేవాలని చెప్పించారు కూడా. ఆ ఏడాదే ఆయన ఆశ్రమ పత్రిక ‘మైత్రి’ ప్రతులను పోలీసులు పట్టుకుపోయారు. కాబట్టి ఆయన్ను నియంతృత్వానికి తోడు నిలిచినవాడని నేను అనను, అలా అనడం అన్యాయం. కానీ ఏ పదవీ లేని మనిషి, నోరు విప్పని మనిషి, ఆయన రాసిన ఒక్క మాటకు దేశంలో అంత బలం ఉంది. ఆ మాట అన్నప్పుడు, బాబా, దీన్ని ఇలా వాడుకుంటారు, ఆగండి అనగల తమ్ముడు ఆయన పక్కన లేకపోయాడు. అనగలిగినవాళ్ళు అప్పటికే జైల్లో ఉన్నారు, లేదా సంఘం వదిలిపోయారు.

వినోబాకు ఈ సంగతి తెలియదని నేను అనుకోను. 1959లో పవనార్‌లో ఆయన నెలకొల్పిన బ్రహ్మవిద్యా మందిరాన్ని చూడండి. ఆడవాళ్ళు తమ బతుకు తామే దిద్దుకునే ఆశ్రమం. పొలం, వంట, అచ్చు పని, పారాయణ, అన్నీ వాళ్ళవే. నిర్ణయాలు కలిసి కూర్చుని తీసుకునేవారు, ఆయన తల దూర్చేవారు కాదు. ఆయన పోయాక కూడా అది నడిచింది. చిన్న బృందం, ఒకే కప్పు కింద రోజూ ముఖాలు చూసుకునేవాళ్ళు, కాబట్టి సర్వసమ్మతి అక్కడ పని చేసింది. దేశవ్యాప్త సంఘానికి అదే కొలత సరిపోలేదు.

కొండకు ఆవలి వైపు, మన పార్వతీపురం ఏజెన్సీలో, పూర్తిగా వేరే దారి పట్టిన గిరిజన సంఘం కూడా ఇదే చిక్కులో పడింది. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న కాల్పులకు బలయ్యాక ఆ గిరిజనుల సాయుధపోరాటం ఎలా రగిలిందో మీకు తెలుసు. బడిపంతులు వెంపటాపు సత్యం జనానికి గురువు, అన్న, అన్నీ. 1970 జులైలో ఆయన, సహచరుడు ఆదిభట్ల కైలాసం ఒకేరోజు హతులయ్యాక, ఆ ఊళ్ళలో పోరాటాన్ని పట్టి నిలబెట్టే చేతులు మిగల్లేదు.

ఇక దగ్గరి కాలానికి వస్తాను. ఇదే కాశీపురం బ్లాకులో, బాఫ్లిమాలి బాక్సైట్ గని, దొరగూడ శుద్ధి కర్మాగారం వద్దని కుచేయిపదర్ కేంద్రంగా ఊళ్ళు ఏకమయ్యాయి. 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. వాటాదారుగా ఉన్న నార్వే కంపెనీ మరుసటి ఏడాది తప్పుకుంది, తరువాత కెనడా కంపెనీ తప్పుకుంది, కర్మాగారం మాత్రం వచ్చింది. ఈ సభలో అక్కడ ఉద్యోగం చేసేవాళ్ళున్నారు, భూమి పోయినవాళ్ళూ ఉన్నారు. ఎవరిది న్యాయమో తేల్చడం ఇవాళ్టి పని కాదు. ప్రతి ఊరినీ విడిగా కూర్చోబెట్టి, భయం లేకుండా, తన భాషలో, లెక్క ప్రకారం అడిగి ఉంటే ఆ ముగ్గురూ బతికి ఉండేవారని మాత్రం నమ్ముతాను.

అలా అడగడం సాధ్యమేనని పదమూడేళ్ళకు పక్క కొండ మీద రుజువైంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి గని సంగతి గ్రామసభలే తేల్చాలంది. పోచంపల్లి దానం జరిగిన తేదీ కూడా ఏప్రిల్ 18. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు పల్లెలు. సభలు జులై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిశాయి. ప్రతి సభలో జిల్లా జడ్జి పరిశీలకుడు. ఆ కొండ మీద ఉండే డోంగ్రియా కోదులు ఒక్కొక్కరే లేచారు. ముసలివాళ్ళు, తలలో పిన్నులు దోపుకున్న ఆడపిల్లలు, కొండ తమకు ఏమిటో కువి భాషలో చెప్పారు. చెప్పింది ఒడియాలో రాశారు. తీర్మానం కింద సంతకాలు, వేలిముద్రలు. పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. అరవై ఏళ్ళ కిందటి దానపత్రం మీద పడ్డ వేలిముద్ర లాంటిదే ఇదీ, అయితే దీని వెనుక ఒకరి మీద భక్తి లేదు. చట్టం ఉంది, సాక్షి ఉన్నాడు, చదివి వినిపించిన కాగితం ఉంది. పల్లె పల్లెకూ విడివిడిగా జరిగింది కాబట్టి ఒక నాయకుణ్ణి ఒప్పించి పని కానిచ్చుకునే వీలు ఎవరికీ లేకపోయింది. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది. వినోబా కోరిన గ్రామస్వరాజ్యం ఈ జిల్లాలో నిజంగా పని చేయడం నేను చూసింది ఆ పన్నెండు సభల్లోనే. అక్కడ ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు.

టికిరిలో ఉన్న తెలుగువాళ్ళకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఇక్కడ మీకు వ్యాపార సంఘాలున్నాయి, గుడి కమిటీలున్నాయి, కార్మిక సంఘాలున్నాయి, సంక్రాంతి జరిపే కమిటీ ఉంది. అన్నింటిలో మీరు ఒకరినొకరు అన్నా, బావా అనే పిలుచుకుంటారు. చాలా సంఘాల్లో ఒక పెద్దాయన ఉంటారు, ఏ పదవీ ఉండదు, ఆయన తల ఊపితే పని జరుగుతుంది. ఆయన మంచివారే అయి ఉంటారు. ఆయన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టండి. రెండేళ్ళో మూడేళ్ళో గడువు రాయండి. ఏడాదికోసారి లెక్క చదవమనండి. తీర్మానం రాసిన పుస్తకం సభ లేవకముందే అందరికీ చదివి వినిపించండి, ఒప్పుకోనివాళ్ళ పేర్లు, కారణాలు కూడా అందులో రాయండి. పల్లిసభలో కూర్చునే ఆదివాసీ సోదరులకు నా విన్నపం కూడా అదే. కువిలోనో ఒడియాలోనో చదివి అర్థం చెప్పేదాకా ఎంత పెద్దమనిషి అడిగినా, ఎంత ప్రేమగా అడిగినా, కాగితం మీద వేలు పెట్టకండి.